సినిమా బిళ్ళ కొనాలా, వద్దా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



కిందటేడు మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ మా పెద్దబ్బాయి కోసం ఒక చిన్న పెట్టె పట్టుకొచ్చాడు. స్వీట్లేమో అనుకుని మా అత్తగారు "ఏమిట్రా అది?" అని అడిగారు. "కలెక్టర్స్ ఎడిషన్ నాన్నమ్మా!" అన్నాడు వాడు గొప్పగా. ఆవిడ కంగారుపడి, "కలెక్టరుగారిదా? మనింటికెందుకు తెచ్చారు? ముందు తిరిగి ఇచ్చేసి రండి" అన్నారు.

అందరం కడుపుబ్బ నవ్వాం. కాని నిజం చెప్పొద్దూ, ఆ మాటకి అర్థమేమిటో నాకూ సరిగ్గా తెలీదు. నేను పదో తరగతి చదివి పెళ్ళి చేసుకొచ్చినదాన్ని. తర్వాత దాని ఖరీదు మూడువేల చిల్లర అని తెలిసింది. దాంతో నా నవ్వు కాస్తా ఆగిపోయింది. "నెలకింత అని కడితే టీవీలో వందల సినిమాలు వస్తున్నాయి. ఒక్క సినిమాకి మూడువేలా? ఆ డబ్బుతో నెలకి సరిపడా నూనే పప్పూ వస్తాయి" అని వాణ్ణీ, తెచ్చినందుకు తమ్ముణ్ణీ కలిపి చీవాట్లు పెట్టాను.

ఈవేళ ఆ మాట వెనక్కి తీసుకోవడానికి వచ్చాను. పూర్తిగా కాదు సుమండీ, సగమే. ఆ సగం ఏమిటో, ఎందుకో చెబుతాను. రేపు మీ ఇంట్లో పిల్లలు ఇలాంటి పెట్టె కావాలని అడిగితే ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది.

సినిమాను ఇంటికి తెచ్చుకోవడం మనకు కొత్త కాదు. నా చిన్నతనంలో పండగ వచ్చిందంటే వీధిలో నలుగురూ చందాలు వేసుకుని వీసీఆర్ అద్దెకు తెచ్చేవారు. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే తెల్లారేలోగా మూడు సినిమాలు. నిద్ర వచ్చినా, డబ్బులు పోతాయని కళ్ళు నులుముకుంటూ చూసేవాళ్ళం. ఆ వీహెచ్ఎస్ క్యాసెట్టు జపానులో 1976లో పుట్టింది. దాన్ని ఆడించే యంత్రాలను చిట్టచివరి వరకూ తయారుచేసిన జపాను కంపెనీ కూడా 2016లో మానేసింది. నలభై ఏళ్ళ కాపురం అన్నమాట!

ఆ క్యాసెట్టులో ఒక లోపం ఉండేది. అది మనకప్పుడు తెలీలేదు. వెండితెర వెడల్పు, ఆనాటి టీవీ ఇంచుమించు చదరం. అందుకని చాలా సినిమాలకు రెండు పక్కలా బొమ్మ కత్తిరించి క్యాసెట్టులో ఎక్కించేవారు. పెళ్ళి పందిట్లో పది మంది నిలబడితే మనకు నలుగురే కనిపించేవారు. మిగిలిన ఆరుగురూ కత్తెరకి బలి!

తర్వాత బిళ్ళలు వచ్చాయి. వీసీడీ ఒక్కోదానిలో సుమారు 74 నిమిషాల బొమ్మే పట్టేది. అందుకే మన తెలుగు సినిమాకి రెండు బిళ్ళలు, ఒక్కొక్కప్పుడు మూడు కావలసి వచ్చేవి. మొదటి బిళ్ళ అయిపోగానే ఎవరో ఒకరు లేచి రెండోది పెట్టాలి. ఆ సందులో మనం వంటింట్లోకి పరుగెత్తి పాలు దింపి వచ్చేవాళ్ళం. డీవీడీ 1996లో జపానులో విడుదలైంది. 2007 ప్రాంతంలో మన దేశంలో మోసర్ బేయర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ అమ్మడం మొదలుపెట్టేసరికి ప్రతి ఇంట్లోనూ బిళ్ళల దొంతరలు లేచాయి. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి వెళ్ళిపోయింది. ఈలోగా 2006లో బ్లూరే, 2016లో 4కె బ్లూరే అనేవి వచ్చాయి.

ఇన్ని పేర్లు వింటే తల తిరుగుతుంది కదూ? అసలు సంగతి ఒక్కటే. అన్నీ అదే పన్నెండు సెంటీమీటర్ల బిళ్ళలు. దానిమీద కంటికి కనపడని సన్నటి గుంటల్లాంటివి ఉంటాయి, వాటిని ఒక కాంతికిరణం చదువుతుంది. డీవీడీని చదివేది ఎర్రటి కిరణం. బ్లూరేని చదివేది నీలి ఊదారంగు కిరణం, అది ఇంకా సన్నం. అదే వాకిట్లో చుక్కలు సన్నగా, దగ్గర దగ్గరగా పెడితే పెద్ద ముగ్గు పడుతుందా లేదా? ఇదీ అంతే. డీవీడీ ఒక పొరలో 4.7 గిగాబైట్లు పడితే బ్లూరే ఒక పొరలో 25 పడతాయి. 4కె బిళ్ళలో పొరలన్నీ కలిపి 100 దాకా పడతాయి.

"టీవీలో ఆప్‌లో వచ్చే సినిమా మీద కూడా 4కె అని రాసి ఉంటుంది కదా?" అని మీరడగచ్చు. నేనూ అదే అడిగాను. దానికి మా అబ్బాయి చెప్పిన జవాబు ఇది. ఆప్‌లో సినిమా ఇంటర్నెట్టు ద్వారా రావాలి కాబట్టి బాగా కుదించి పంపుతారు. సెకనుకి 15 మెగాబిట్ల వేగముంటే చాలు, 4కె బొమ్మ వచ్చేస్తుంది. బిళ్ళమీద నుంచి అయితే సెకనుకి 100 మెగాబిట్లు దాటి కూడా రాగలదు. పేరు రెండింటికీ కాఫీయే. ఒకటి మొదటి డికాక్షను, రెండోది దాంట్లోనే మళ్ళీ నీళ్ళు పోసి దించింది. చీకటి దృశ్యాల్లోనూ, వానలోనూ, పొగలోనూ ఆ తేడా బాగా తెలుస్తుంది. మాటల వెనకాల చిన్న చిన్న చప్పుళ్ళు కూడా బిళ్ళలో స్పష్టంగా వినిపిస్తాయి. ఒక్క మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. మీ ఇంట్లో చిన్న టీవీ ఉండి, దూరంగా కూర్చుని చూసేవాళ్ళయితే ఈ తేడా మీకు పెద్దగా కనిపించదు. ఆ డబ్బు దాచుకోండి.

ఇక కలెక్టర్స్ ఎడిషన్ సంగతి. కలెక్టరు అంటే జిల్లా కలెక్టరు కాదు, సేకరించి దాచుకునేవాడు. మనలో కొందరు వెండి కుంకుమ భరిణెలు దాచుకుంటాం చూడండి, అలా. వీళ్ళ కోసం సినిమాతో పాటు మరికొన్ని చేర్చి, మంచి పెట్టెలో పెట్టి, ధర పెంచి అమ్ముతారు. ఆ చేర్చినవి రెండు రకాలు. ఒకటి, సినిమా గురించి మనకి తెలివినిచ్చేవి. తీసేసిన దృశ్యాలు, తీసిన విధానం చూపించే డాక్యుమెంటరీ, సినిమా నడుస్తుంటే పక్కన కూర్చుని చెప్పినట్టు దర్శకుడు చెప్పే వ్యాఖ్యానం, వ్యాసాలున్న చిన్న పుస్తకం. రెండోది, అలంకారం. బొమ్మలు, కార్డులు, రేకు డబ్బా. స్టీల్‌బుక్ అని వినే ఉంటారు. చాలాసార్లు అందులో మామూలు బిళ్ళే ఉంటుంది, పైన రేకు డబ్బా మారుతుంది. అంతే.

ఈ రెండు రకాలూ ఒకేచోట చూడాలంటే "ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్" మొదటి భాగం మంచి ఉదాహరణ. ఆ సినిమా 2001 డిసెంబరులో హాళ్ళలోకి వచ్చింది. 2002 ఆగస్టులో మామూలు డీవీడీ వచ్చింది. అదే ఏడు నవంబరులో సుమారు అరగంట కొత్త దృశ్యాలు కలిపి నాలుగు బిళ్ళల పెట్టె వేశారు. రెండు బిళ్ళల్లో సినిమా, మిగిలిన రెండింటిలో అది ఎలా తయారైందో ఆ కథ. సైనికులు తొడుక్కున్న ఇనుప గొలుసుల కవచాలు నిజానికి ఇనుము కాదుట. ప్లాస్టిక్ గొట్టాలను చిన్న చిన్న రింగులుగా కోసి, చేత్తో ఒకదానికొకటి తగిలించి అల్లారు. అది చూసినప్పుడు నాకు మన ఊళ్ళో పూసలతో సంచులు అల్లే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళ వేళ్ళ నొప్పి ఎవరు చూస్తారు? ఇక్కడ అల్లినవాళ్ళు కెమెరా ముందుకొచ్చి తమ పని గురించి చెప్పుకున్నారు. ఆ సినిమాకే ఇంకొక గిఫ్టు పెట్టె కూడా వేశారు. అందులో పుస్తకాలు పడిపోకుండా ఆనించి పెట్టుకునే రెండు రాజుల బొమ్మలు ఇచ్చారు. బొమ్మలు బాగానే ఉంటాయి, దుమ్ము తుడవాల్సింది మాత్రం మనమే!

అయితే మా తమ్ముడు తెచ్చింది ఆ సినిమా కాదు, "రోమా" అనేది. మెక్సికో దేశపు దర్శకుడు అల్ఫోన్సో క్వారోన్ 2018లో తీశాడు. 1970, 71 సంవత్సరాల్లో మెక్సికో నగరంలో ఒక మధ్యతరగతి ఇల్లు, ఆ ఇంట్లో పనిచేసే క్లియో అనే అమ్మాయి, భర్త వదిలిపెట్టి పోయిన ఇల్లాలు, పిల్లలు. ఇంతే కథ. దర్శకుడు తనను పెంచిన పనిమనిషిని తలుచుకుని తీసి, ఆమెకే అంకితమిచ్చాడు. 2019లో దీనికి మూడు ఆస్కార్లు వచ్చాయి.

ఈ సినిమా నేను అంతకుముందే చూశానండీ. ఫోన్లో, గోరుచిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, మధ్యలో కుక్కరు విజిల్సు లెక్కపెట్టుకుంటూ. "ఏముంది ఇందులో? నేల కడగడం నాకు కొత్తా?" అని సగంలో ఆపేశాను. బిళ్ళ పెట్టుకుని పెద్ద తెరమీద చూసిన రోజున మొదటి దృశ్యంలోనే ఆగిపోయాను. గచ్చు మీద సబ్బునీళ్ళు పారుతుంటాయి. ఆ నీళ్ళలో ఆకాశం ఒక ముక్క కనిపిస్తుంది. అందులోంచి చిన్న విమానం ఒకటి దాటిపోతుంది. నేల కడిగే మనిషి కాళ్ళ దగ్గరే అంత ఆకాశం! ఫోన్లో చూసినప్పుడు నాకు అది బూడిదరంగు మరకలాగే కనిపించింది.

తర్వాత ఆ బిళ్ళలోనే ఉన్న డాక్యుమెంటరీ చూశాం. దర్శకుడు తన చిన్ననాటి ఇంటిని మళ్ళీ కట్టించినట్టే కట్టించి, బంధువుల ఇళ్ళల్లో చెల్లాచెదురుగా ఉన్న పాత కుర్చీలూ బల్లలూ వెతికి తెప్పించుకున్నాడు. నటులకి కథ మొత్తం ముందుగా చెప్పకుండా ఏ రోజుది ఆ రోజు చెప్పి తీశాడు. క్లియో వేషం వేసిన యలిట్జా అపరీసియోకి అదే మొదటి సినిమా. అంతకు ముందు ఆమె చిన్నపిల్లల టీచరు కావడానికి చదువుకుంది. ఇవన్నీ తెలిశాక మా అత్తగారు ఒక మాటన్నారు. "మనం పాత మంచం అమ్మేశాం కదుటే" అని. నాకు నవ్వు రాలేదు.

ఇంకో సంగతి గమనించండి. "రోమా" నెట్‌ఫ్లిక్స్ వారి సినిమా. ముఖ్యంగా ఆప్‌లోనే విడుదలైనది. అయినా 2020 ఫిబ్రవరిలో అమెరికాలో క్రైటీరియన్ కలెక్షన్ అనే సంస్థ దాన్ని బిళ్ళగా వేసింది. మంచి సినిమాలను ఇలా జాగ్రత్తగా వేయడం ఆ సంస్థ 1984 నుంచీ చేస్తున్న పని. ఆప్‌లో ఉన్నదాన్ని మళ్ళీ బిళ్ళగా వేయడం ఎందుకు? ఇక్కడే అసలు విషయం ఉంది.

ఆప్‌లో సినిమా మనది కాదు. నెల చందా కట్టినంతకాలం వాళ్ళు పెట్టినవి చూడనిస్తారు. వాళ్ళకి ఆ సినిమా వాళ్ళతో ఒప్పందం అయిపోతే తీసేస్తారు. పోనీ "కొనండి" అన్న మీట నొక్కి, విడిగా డబ్బు కట్టి కొన్నామనుకోండి. అప్పుడు కూడా చాలాచోట్ల మనకిచ్చేది చూసుకునే అనుమతి మాత్రమే. ఈ సంగతి జనానికి తెలియడం లేదని అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. అనుమతి మాత్రమే అమ్ముతున్నప్పుడు ఆ మాట స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అని రాయకూడదని. అది 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అద్దె ఇంటికి సొంత ఇల్లని బోర్డు పెట్టకూడదన్నట్టు!

అందుకే 2023లో "ఒపెన్‌హైమర్" దర్శకుడు క్రిస్టఫర్ నోలన్, బిళ్ళ కొని అలమరలో పెట్టుకుంటే ఏ ఆప్ వాళ్ళూ దాన్ని మీ దగ్గర్నుంచి ఎత్తుకుపోలేరన్న అర్థం వచ్చేలా సరదాగా అన్నాడు. ఆ నవంబరు 21న 4కె బిళ్ళ విడుదలైతే మొదటి వారంలోనే చాలా దుకాణాల్లో అయిపోయింది. బిళ్ళల కాలం పోయిందని అందరూ అంటున్న రోజుల్లో జరిగిన ముచ్చట ఇది.

ఇదంతా నాకు పుస్తకంలో పాఠంలా తెలిసింది కాదు. మా అత్తగారికి ఒక తెలుగు సినిమా అంటే ప్రాణం. మామగారు ఉన్న రోజుల్లో ఇద్దరూ కలిసి హాల్లో చూసిన చివరి సినిమా అది. దాని వీసీడీలు రెండు బిళ్ళలు మా ఇంట్లో ఉండేవి. 2018లో ఫ్లాటుకి మారేటప్పుడు, ప్లేయరు పాడైపోయింది కదా, ఇంక ఇవెందుకని బిళ్ళలన్నీ సంచిలో పోసి పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. ఇచ్చింది నేనే. సినిమా ఆప్‌లో ఉందిగా అన్న ధీమా. 2022లో ఆవిడకి కంటి శుక్లం ఆపరేషను అయింది. "కట్టు విప్పాక ముందు ఆ సినిమా చూపించమ్మా" అని అడిగారు. సరేనన్నాను. పది రోజులు పోయాక ఆవిణ్ణి కుర్చీలో కూర్చోపెట్టి ఆప్ తెరిచి వెతికాను. లేదు. ఇంకో ఆప్‌లో చూశాను. అక్కడా లేదు. ఆవిడ నా మొహం చూసి, "పోనీలే అమ్మాయ్, కళ్ళు వచ్చాయి, అది చాలు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది. తిట్టినా బాగుండేది.

కాబట్టి నేను మార్చుకున్న సగం అభిప్రాయం ఇది. అన్ని సినిమాలూ కొనక్కర్లేదు. ఒకసారి చూసి మరిచిపోయేవి ఆప్‌లో చూడండి, మంచిదే, చవక. కాని ఇంటికి కావలసినవి, మళ్ళీ మళ్ళీ చూసేవి, ఒక మనిషిని గుర్తుచేసేవి నాలుగైదు ఉంటాయి. వాటిని మాత్రం బిళ్ళగా చేతిలో ఉంచుకోండి. కలెక్టర్స్ ఎడిషనే కావాలని లేదు, మామూలు బిళ్ళైనా సరే. పిల్లలు ఖరీదైన పెట్టె అడిగితే వెనక అట్ట తిప్పి చదవమనండి. తెలివినిచ్చేవి ఎన్ని, అలంకారం ఎంత అని. అలంకారానికే ధర ఎక్కువైతే కొద్దిరోజులు ఆగమనండి, మామూలు పెట్టెలో వస్తే అప్పుడు కొనచ్చు.

కొనేముందు ఒక హెచ్చరిక. మా "రోమా" బిళ్ళ మొదటి రోజు ఆడలేదండీ! ఇక్కడ కొన్న ప్లేయర్లో పెడితే తెరమీద ఏదో ఇంగ్లీషు ముక్క వచ్చి ఆగిపోయింది. మూడువేలూ నీళ్ళపాలేనని నేను మళ్ళీ అందుకున్నాను. తర్వాత తెలిసింది, ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడగొట్టి బిళ్ళలకి తాళాలు వేస్తారట. డీవీడీకి అమెరికా ఒకటో ప్రాంతం, మనది ఐదు. బ్లూరేకి అమెరికా ఏ, యూరపు బీ, మనది సీ. ఆ ప్రాంతం బిళ్ళ ఈ ప్రాంతం ప్లేయర్లో పలకదు. 4కె బిళ్ళలకి మాత్రం ఈ తాళం లేదు. చివరికి సంక్రాంతికి తమ్ముడి స్నేహితుడు వస్తుంటే, అన్ని ప్రాంతాల బిళ్ళలూ ఆడించే ప్లేయరు ఒకటి పంపించాడు. అలాంటిది తెప్పించుకునేటప్పుడు వెనక రాసి ఉన్న వోల్టేజి చూసుకోండి. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. 100 నుంచి 240 అని ఉంటే భయం లేదు. లేకపోతే పెట్టిన నిమిషంలో పొగ వస్తుంది.

ఇక దాచుకునే పద్ధతి. బిళ్ళను అంచులతో పట్టుకోవాలి, వేలిముద్రలు పడకూడదు. మురికైతే మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచు వైపుకి తిన్నగా తుడవాలి. పళ్ళెం తుడిచినట్టు గుండ్రంగా తిప్పి తుడవకూడదు, అలా గీత పడితే ప్లేయరు దాటలేదు. బ్లూరేలో సమాచారం పైపొరకి చాలా దగ్గరగా, మిల్లీమీటరులో పదో వంతు లోతులోనే ఉంటుంది. అందుకని దానికి గట్టి పూత వేస్తారు, అయినా మనం జాగ్రత్తగానే ఉండాలి. ఎండ తగిలే కిటికీ దగ్గరా, పొయ్యి పక్కనా పెట్టకండి. పెట్టెల్ని పుస్తకాల్లా నిలబెట్టండి. బిళ్ళకి కాగితం చీటీలు అంటించకండి.

ఇంత చేసినా బిళ్ళ చిరంజీవి కాదు. 2006 నుంచి 2008 మధ్య తయారైన కొన్ని వార్నర్ డీవీడీలు లోపలే పాడైపోతున్నాయని 2025లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. కాబట్టి ఏడాదికొకసారి, ఊరగాయ జాడీలు చూసుకున్నట్టు, బిళ్ళలు కూడా తీసి ఆడించి చూసుకోండి. చెడినట్టు తెలిస్తే, దొరికేటప్పుడే ఇంకొకటి తెచ్చుకోవచ్చు. ప్లేయరు పాడైతే బిళ్ళలు పారెయ్యకండి. ప్లేయరు బాగవుతుంది, లేదా మరొకటి దొరుకుతుంది. పోయిన బిళ్ళ దొరకడం కష్టం.

మా అత్తగారి సినిమా బిళ్ళ కోసం మా అబ్బాయి ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాడు. మా ఇంటి అలమరలో "రోమా" పక్కన రెండు పెట్టెలు పట్టేంత చోటు ఖాళీగా ఉంచాను. ఈసారి ఇల్లు సర్దేటప్పుడు, పాత సామాన్లవాడు గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నా సరే, సంచి కట్టేముందు ఒక్కసారి ఇంట్లో పెద్దవాళ్ళని పిలిచి, "ఇందులో మీకు కావలసినవి ఏమైనా ఉన్నాయా?" అని అడగండి. నేను అడగలేదు.

సెలవు.